నూటపది స్పీడులో అక్షరాభ్యాసం

కప్పును కొమురవ్వ రెండు చేతులతో తిప్పి తిప్పి చూసింది. లోపలికి తొంగి చూసింది. గోటితో టకటకా కొట్టింది.

"ఇత్తడి గూడ గాదు. చాయ్ తాగరాదు, బియ్యం కొలువరాదు. గీ గ్లాసు కోసమానే చలికాలమంత గట్ల ఉరికినవ్?"

హిమశ్రీ గట్టిగా నవ్వేసింది. పెళ్లయినప్పటి నుంచి ఆమెకు నవ్వడానికి పెద్ద కారణాలు అక్కర్లేకుండా పోయాయి. ఈరోజు మాత్రం కారణం నిజంగానే ఉంది. రేసుల సీజన్ నిన్నటితో ముగిసింది. ఆ సంబరం ఒంట్లోంచి ఇంకా దిగలేదు. చాప మీద కూర్చున్నా ఎడమ పాదం గేర్లు మారుస్తూనే ఉంది.

"గ్లాసు కోసం కాదు అమ్మమ్మా, 'ఏ' గ్రూపు కోసం! ఎన్నిసార్లు చెప్పిన నీకు?"

"ఇంకోపారి చెప్పు. అల్లుని ముంగట చెప్పు. అబద్ధమాడితే ఆయన పట్టుకుంటడు."

ఆ అల్లుడు, అంటే మనవరాలి భర్త సుజిత్, మంచం మీద కూర్చుని వేడి సర్వపిండి విరుచుకుంటున్నాడు. కింద సందులో మగ్గాలు కటకటమంటున్నాయి. సూరత్‌లోని లింబాయత్‌లో ఆ చప్పుడు ఆగితేనే జనం తలెత్తి చూస్తారు.

హిమశ్రీ ఈ సందులోనే పుట్టింది. గుజరాతీ మీడియంలో చదివి, టెక్స్‌టైల్ ఇంజినీరింగ్ చేసి, నూలు పరీక్షించే ల్యాబ్‌లో ఉద్యోగం తెచ్చుకుంది. ఆదివారాలు మాత్రం అమ్రోలి దాటి ఓల్పాడ్ రోడ్డు పక్కనున్న చిన్న ట్రాక్ మీద, పాత నూటయాభై సీసీ బండితో తాపీ రేసింగ్ క్లబ్ పోటీల్లో దిగుతుంది. క్లబ్బులో కొత్తవాళ్లంతా బి గ్రూపు. అందులో ఎవరికైనా రెండు సీజన్లే అవకాశం. రెండోది ముగిసేలోపు మొదటి ముగ్గురిలో నిలిస్తే 'ఏ' గ్రూపు, కోయంబత్తూరులోని పెద్ద ట్రాక్. నిలవకపోతే హెల్మెట్ అటకెక్కుతుంది. పోయినేడు హిమశ్రీ ఏడో స్థానంలో ఆగిపోయింది. కాబట్టి ఈ చలికాలం ఆమెకు ఆఖరి అవకాశం.

సుజిత్‌ది జగిత్యాల. బ్యాంకు వాళ్లు వేస్తే సూరత్ వచ్చాడు. పెళ్లిచూపుల తర్వాత మొదటిసారి ఇద్దరూ మాట్లాడుకున్నప్పుడు ఆమె క్లబ్ పేరు చెప్పగానే అతను చాయ్ గొంతులో అడ్డంపడి దగ్గాడు.

"తాపీ రేసింగా? అంటే టిఫిన్ తిని, పేపర్ చదివి, ఎండ తగ్గినంక తాపీగ బయల్దేరుతరా?"

ఆమెకు అర్థం కాలేదు. తాపీ అంటే ఆమెకు తెలిసింది వంతెన కింద పారే నది ఒక్కటే. 'తాపీగా' అనే మాట ఉందని, దాని అర్థం ఇదని అతను చెప్పాక ఆమె అక్కడే నవ్వడం మొదలుపెట్టి, ఇంటికి వెళ్లేదాకా ఆపలేదు. మర్నాడు క్లబ్బులో అందరికీ ఆ జోకు గుజరాతీలో చెప్పింది. ఒక్కడూ నవ్వలేదు. ఈ మనిషినే పెళ్లి చేసుకోవాలని ఆమె నిశ్చయించుకున్నది సరిగ్గా అప్పుడే.

అసలు చిక్కు పెళ్లయ్యాక బయటపడింది. నిశ్చితార్థం నుంచి పెళ్లిదాకా సుజిత్ రోజూ ఫోనులో పేజీలకు పేజీలు తెలుగులో మెసేజీలు పెట్టేవాడు. ఆమె ప్రతిదానికీ ఒక ఎర్ర గుండె, ఒక 'సూపర్' పంపేది. ఒకరోజు అతను వంటింట్లో గోడకానుకుని, "నా మెసేజీలల్ల నీకు ఏది మస్తు నచ్చింది?" అని అడిగాడు. ఆమె ఉల్లిపాయ తరగడం ఆపేసింది.

"సుజిత్, సచ్ బోలూఁ? నిజం చెప్తున్న, నాకు తెలుగు చదువరాదు."

"ఏంది?"

"మాట్లాడొస్తది. లిపి రాదు. అన్నీ గుండ్రంగ ఉంటయ్ గదా, ఏది ఎక్కడ మొదలైతదో సమజ్ కాదు."

"మరి సూపర్ అని పెట్టినవ్?"

"చూసెతందుకు సూపర్ ఉండె!"

అతను పాపం ఫోను తీసి తన మెసేజీలన్నీ పైనుంచి కిందిదాకా చూసుకున్నాడు. తర్వాత అతనికీ నవ్వొచ్చింది. ఆ సాయంత్రం బజారుకు వెళ్లి పలక కొనుక్కొచ్చాడు.

రేసులో కూడా పలక ఉంటుంది. పరుగెత్తే బండికి మనిషి గొంతు వినపడదు కనుక, ట్రాక్ పక్కన గోడ దగ్గర ఒకరు నల్లబోర్డు పట్టుకుని నిలబడతారు. ముందు ఎవరున్నారో, వెనక ఎవరున్నారో, జోరు పెంచాలో తగ్గించాలో దానిమీద రాసి చూపిస్తారు. ఆమె బోర్డు పట్టుకునే పని ఈ సీజన్‌లో సుజిత్‌కు వచ్చింది. ఏం రాయాలో చెప్పేది మెకానిక్ జయేశ్ భాయ్. చేతిలో స్టాప్‌వాచీ, మెడలో తుండు, నోట్లో ఎప్పుడూ సోంపు. అతనికి తెలుగు రాదు, సుజిత్‌కు గుజరాతీ రాదు. ఇద్దరికీ మధ్య హిందీ.

"ఆ ధ్రువిల్ వాళ్లు మన బోర్డు చదివేస్తున్నరు," అంది హిమశ్రీ మొదటి రేసుకు ముందు. ధ్రువిల్ ఎర్ర హెల్మెట్ కుర్రాడు. మూడో స్థానం కోసం ఈ ఏడాదంతా వాళ్లిద్దరికే పోటీ. "'ఇంజన్ వేడి, మెల్లగా' అని మనోళ్లు రాస్తే పోయినేడు అది చూసే నన్ను దాటేసిండు."

"అయితే తెలుగుల రాద్దాం. వాని తాత వచ్చినా చదువలేడు," అన్నాడు సుజిత్.

"నేను గూడ చదువలేను!"

"నేర్చుకుంటవ్. పలక ఇంట్ల ఒకటి, ట్రాక్ మీద ఒకటి. నీ అంత స్పీడుగ అక్షరాలు దిద్దినోళ్లు లోకంల ఉండరు."

మొదటి రేసులో అతను ఉత్సాహం పట్టలేక 'మూల మీద ఇసుక ఉంది జాగ్రత్త' అని మొత్తం రాశాడు. నూటపది స్పీడులో ఆమెకు గోడ మీద చీమల బారు కనిపించింది. ఆ ఇసుక మీదే జారి పడింది. నడుచుకుంటూ వెనక్కి వస్తే అతను ఆమె గ్లవ్ విప్పి అరచేతిలో గుచ్చుకున్న రాళ్లు ఒక్కొక్కటే తీస్తూ, "ఇకమీద ఒక్కటే మాట. మూడు అక్షరాలు దాటద్దు," అని ఒట్టు పెట్టుకున్నాడు.

అప్పటి నుంచి ఇల్లంతా బడి అయింది. పాల ప్యాకెట్ మీద 'పా', ఫ్రిజ్ మీద 'ఫ్రి', నిద్ర లేచేసరికి అద్దం మీద 'హి'. నది ఒడ్డున పచ్చజొన్న పోంక్ తింటూ గింజలతో అక్షరాలు పేర్చాడు. ఆమె 'ప' రాసి దాన్ని తినేసి, 'మ' అడిగింది. రెండో రేసులో 'పో' చదివింది. చదివానన్న సంతోషంతో హెల్మెట్‌లో అరిచేసింది, వెళ్లడం మర్చిపోయింది. మూడో రేసులో చదివింది, వెళ్లింది, ఇద్దరిని దాటింది. నాలుగో రేసులో రెండోస్థానం. ఇక మిగిలింది నిన్నటిది. ధ్రువిల్ కంటే ముందు గీత దాటితే 'ఏ' గ్రూపు. వెనక దాటితే అటక.

"గది చెప్పు. నిన్న ఏమైంది?" అంది కొమురవ్వ. కప్పు ఇప్పుడామె ఒళ్లో ఉంది.

నిన్న పొద్దున ప్రాక్టీసులో ఇంజన్ కింద నూనె మరక కనిపించింది. జయేశ్ భాయ్ బోల్టు బిగించి, సుజిత్‌ను పక్కకు పిలిచాడు. పొగ వస్తే నేను అరుస్తాను, వెంటనే ఆమెను ఆపెయ్, నూనె టైరు మీద పడితే మనిషి మిగలదు అన్నాడు. సుజిత్ మొహం తెల్లబోయింది. ఈ సంగతి హిమశ్రీకి ఇద్దరూ చెప్పలేదు.

రేసు మొదలైంది. ముందున్న ఇద్దరూ దూరంగా వెళ్లిపోయారు. మూడోవాడు ధ్రువిల్, వెనకే ఆమె. చుట్టు తర్వాత చుట్టు ఆ ఎర్ర హెల్మెట్ వెనకే తిరిగింది. తిన్నని దారి చివర మలుపులో అతను ముందే బ్రేకు వేస్తున్నాడు. లోపలి వైపు ఒక బండి పట్టే సందు ఉంది. కానీ మొదటి రేసులో ఆమె పడిన మలుపు అదే. అరచెయ్యి ఇప్పటికీ చురుక్కుమంటుంది. వాడే ఏదో తప్పు చేస్తాడులే అని ఆమె తనకు తాను సర్దిచెప్పుకుంటోంది.

అప్పుడు గోడ మీద బోర్డు లేచింది. కొత్త మాట! 'ఆ'. తర్వాత 'గ'. దాని పక్కన ఇంకేదో తోక. అంతలో దాటిపోయింది.

ఆగ... ఆగ... ఆగళ్!

గుజరాతీలో ఆగళ్ అంటే ముందుకు. ఆమె గుండె గుప్పున ఎగిసింది. కేమ్ ఛో తప్ప ఇంకో ముక్క రాని మొగుడు తనకోసం గుజరాతీ నేర్చుకుని, తెలుగు అక్షరాల్లో రాసి చూపించాడు! ఇక ఆ సందు కనిపించకపోవడమేమిటి? వీధిలా కనిపించింది. బ్రేకు ఆలస్యంగా వేసింది, మోకాలు నేలకు రాసుకుంది, ఎర్ర హెల్మెట్ ఆమె భుజం పక్కనుంచి వెనక్కి జరిగిపోయింది.

మరో చుట్టు. బోర్డు మీద అదే మాట, ఈసారి ఇంకా పెద్దగా, కింద రెండు గీతలు. సుజిత్ ఎగురుతున్నాడు. ఎంత సంబరమో! బొటనవేలు ఎత్తి చూపించింది. ఇంకో చుట్టు తిరిగేసరికి అతను బోర్డు చంకలో పెట్టుకుని రెండు చేతులూ ఎత్తి దండం పెడుతున్నాడు. ఇంత మర్యాద ఎందుకబ్బా అనుకుంటూనే గీత దాటేసింది. మూడోస్థానం.

బండి ఆపి, హెల్మెట్ తీసి, అతని మెడ మీద వాలిపోయింది. అతను ఆమెను పట్టుకుని ఊపేశాడు. కళ్లల్లో నీళ్లు.

"ఆగుమంటే ఎందుకు ఆగలే? పిచ్చా నీకు? ఇంజన్ కాలుతదేమోనని నా పానం పోయింది!"

"ఆగళ్ అని నువ్వే గదా రాసినవ్?"

"రాసిన! ఆగాలె అనే రాసిన!"

"అదే, ఆగళ్ అని! అందుకే ఆగళ్ పోయిన!"

జయేశ్ భాయ్ ఇద్దరి మధ్యకూ వచ్చాడు. "అరే, క్యా లిఖా థా బోర్డ్ పే?" అని అడిగాడు. సుజిత్ బోర్డు తిప్పి చూపించి, రుకో అని రాశాను, మీరే కదా ఆగాల ఆగాల అని అరిచారు అన్నాడు. జయేశ్ భాయ్ బోర్డు వైపు చూశాడు. సుజిత్ వైపు చూశాడు. పొగ అసలు రానేలేదు. రేసు హుషారులో హిందీ మర్చిపోయి అతను "ఆగళ్! ఆగళ్!" అని కేకలు వేశాడు, ముందుకు పొమ్మను అని. పొగ భయంతో ఉన్న జగిత్యాల చెవిలో, ఈయనకు తెలుగెక్కడిదని ఆలోచించే లోపే, అది 'ఆగాలె' అని పడింది.

"నేను గూడ అన్న గదా, వో రుక్ నహీఁ రహీ, ఆగుతలేదు అని!" అన్నాడు సుజిత్.

"హా, ఔర్ మైఁ బోలా, అచ్ఛా హై నా!"

"ఆగకుంటే మంచిదే గదా అంటడేందని అప్పుడే అనుకున్న, ఈ మనిషికి దిమాగ్ ఖరాబైంది అని."

జయేశ్ భాయ్ పాత టైరు మీద కూలబడి, సోంపు గొంతులో పడి దగ్గేదాకా నవ్వాడు. హిమశ్రీ మాత్రం నవ్వుతూ నవ్వుతూ ఒక్కసారి ఆగింది.

"అంటే, రాసెటప్పుడు తెలుసు నీకు. ఆగితే 'ఏ' గ్రూపు పోతదని."

"తెలుసు. చెయ్యి రాలే. సుద్దముక్క ఇరిగింది."

"అయినా రాసినవ్?"

"రాసిన. రేసు పోతే ఇంకోటి చూసుకుందుము. నీ అసొంటిది మళ్ల యాడ దొరుకుతది?"

ట్రాక్ మధ్యలో, క్లబ్ జనం అందరి ముందూ, ఆమె అతని చెంప మీద నూనె గ్లవ్ అచ్చు పడేలా రెండు చేతులతో మొహం పట్టుకుంది. తర్వాత ఏం చేసిందో అమ్మమ్మకు చెప్పలేదు.

కథ అయిపోయింది. కొమురవ్వ తల ఊపింది.

"అంటే ఒకాయన ఆగళ్ అన్నడు, ఒకాయన ఆగు అన్నడు, నువ్వు ఆగమాగం ఉరికినవ్. గంతే గదానే?"

సుజిత్‌కు సర్వపిండి పొలమారింది. "అమ్మమ్మా, క్లబ్బుల మీరే చేరాలె."

"నాకెందుకు బిడ్డా. ఇగో, దీనికి ఇప్పుడన్న సదువొచ్చిందా లేదా?"

హిమశ్రీ ఫోను తీసింది. వేలితో చాలాసేపు పైకి జరిపి, నిశ్చితార్థం నాటి మొట్టమొదటి మెసేజీ పట్టుకుంది. గొంతు సవరించుకుని, ఒక్కో అక్షరం మీద ఆగి ఆగి మొదలుపెట్టింది. "నీ... న... వ్వు... నీ నవ్వు... చూ... చూసి... న..."

"అమ్మమ్మ ముంగటనా!" సుజిత్ మంచం మీదినుంచి ఫోను కోసం దూకాడు. కొమురవ్వ కప్పును నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

సాయంత్రం ఇద్దరూ నవాగామ్‌లోని ఇంటికి బయల్దేరారు. ఆమె నడుపుతోంది, అతను వెనక కూర్చున్నాడు. కప్పు కొమురవ్వ దగ్గరే ఉండిపోయింది, చక్కెర పోసుకుంటానంది. సందు మలుపులో ఒక తోపుడుబండి మీద శనగపిండి లోచో ఆవిర్లు కక్కుతోంది. నూనె, నిమ్మకాయ, సన్న సేవ్ వాసన.

"హిమా, ఆగు! లోచో! ఆగు ఆగు!"

ఆమె నవ్వుతూ యాక్సిలరేటర్ తిప్పింది.

"నువ్వే గదా ఆగళ్ అంటున్నవ్!" అని అరిచి, సందు చివరిదాకా వెళ్లి, చుట్టు తిరిగి లోచో బండి ముందు తాపీగా ఆపింది.