హగరి ఇసుక మింగిన రెండుకళ్ళ పెట్టె

నేను ఒక నల్లతోలు పెట్టెను. కెమెరా అంటారు. ఇప్పుడు మీరు జేబుల్లో వేసుకు తిరిగే పలకలాంటిదాన్ని కాదు నాయనా. నాకు రెండు కళ్ళు, అదీ ఒకదాని కింద ఒకటి. పై కన్ను నన్ను పట్టుకున్నవాళ్ళకి చూపించడానికి, కింది కన్ను ఫిలిము మీద ముద్ర వేయడానికి. నన్ను కంటికి ఆనించుకుని చూడరు. మెడలో వేలాడేసుకుని, నా నెత్తి మీది మూత తెరిచి, తల వంచి లోపలికి చూడాలి. కలెక్టరైనా సరే, నా దగ్గర తల వంచాల్సిందే.

పుట్టింది మంచు కురిసే దేశంలో. ఒక ముసలాయన నా కళ్ళను అరగదీసి, ఊది, తుడిచి, మళ్ళీ అరగదీశాడు. ఆయనకు ఇసుకంటే గిట్టదు. ఒక్క రేణువు పడితే పనంతా మళ్ళీ మొదటికొచ్చేది. అంత జాగ్రత్తగా పెంచిన నన్ను చివరికి ఎక్కడికి పంపారో చూడండి.

ఓడ దిగి బళ్ళారిలో స్టూడియో నడిపే కాసిం పీరా చేతికొచ్చాను. చాలా ఏళ్ళు పెళ్ళిళ్ళు చూశాను. "తలెత్తమ్మా, తలెత్తు తల్లీ" అని ఆయన పెళ్ళికూతుళ్ళను బతిమాలేవాడు, తను మాత్రం నాలోకి తల దించుకుని. పెద్దాయన అంతలా వంగుతుంటే తామెలా నిటారుగా ఉంటామని వాళ్ళు ఇంకా వంగేవాళ్ళు. బళ్ళారిలో సగంమంది ఆడపిల్లల పాపిటలు నాకు తెలుసు. ముఖాలు తెలియవు.

కాసిం పీరాకు చూపు మందగించాక నన్ను రాయదుర్గం డ్రాయింగు మేష్టారు వెంకోబరావు తీసుకున్నారు. బదులుగా తన పెళ్ళి ఉంగరం ఇచ్చారు. ఆయన భార్య సుశీలాబాయికి ఆ సంగతి తెలిసిన రోజు ఇంట్లో అన్నం వడ్డించిన చప్పుడు నాకింకా గుర్తుంది.

మేష్టారికి బొమ్మలో మనుషులుంటే పడదు. రోజంతా బళ్ళో నలభైమంది పిల్లలతో వేగేవాడికి అలా అనిపించడంలో వింతేమీ లేదు. ప్రకృతి ఒక్కటే ఉండాలి, అడుగుజాడ కూడా కనబడకూడదు అనేవారు.

"మనుషుల్లేని చోటికెళ్ళి ఏం తెస్తారు? ఇసుకేగా. మన పెరట్లో ఇంత ఉంది, తీసుకోండి" అనేది సుశీలాబాయి.

కణేకల్లు వైపు పోతే హగరి ఏరు ఉంది. ఏరన్నాను కదాని నీళ్ళుంటాయనుకోకండి. ఆషాఢంలో గాలి తిరిగిందంటే ఏట్లోని ఇసుక లేచి, గట్టెక్కి, చేలమీద కూర్చుంటుంది. కూర్చున్నది మళ్ళీ లేవదు. ఏడాదికేడాది ఇంకాస్త ముందుకు జరుగుతుంది. ఎటు చూసినా తిన్నెలు, వాటిమీద గాలి గీసిన గీతలు. మేష్టారు ఆ గట్టెక్కి, చేతులు రెండూ చాచి, "ఆహా, ఎడారి" అన్నారు. ఆ ఊరివాళ్ళు దాన్ని చేను అంటారు.

ఆయన నా మూత తెరిచారో లేదో, ఒకావిడ గొర్రెల్ని తోలుకుంటూ తిన్నె మీదికి రాబోయింది. ఆమె పేరు కరిబసమ్మ.

"ఆగమ్మా, ఆగు. గొర్రెల్ని వెనక్కి తోలు. అడుగులు పడితే నా బొమ్మ పాడవుతుంది."

"మా చేను మీద మేం నడిస్తే నీ బొమ్మకేమయ్యె సారూ?"

"చేనా? ఇదంతా ఇసుక కదా."

"చేను కిందుండాది. యాడికీ పోలేదు."

ఆమె చెయ్యెత్తి చూపించింది. తిన్నె అంచున రెండు రాతి కంబాల తలలు మోకాలెత్తున పైకి కనబడుతున్నాయి. ఒకప్పుడు ఎద్దులతో నీళ్ళు తోడిన కపిల బావి అది. ఆ కంబాల మీదే గిలక తిరిగేది.

"మా ఆయన మల్లప్ప, నేను, ఇద్దరమే తవ్వినాం. ఆయప్ప తట్ట నింపుతాంటే నేను మోస్తాంటి. నీళ్ళు పడిన దినం నవ్వినాడు. అంతకుముందు నవ్వింది లేదు, ఆపైన నవ్వింది లేదు. ఇప్పుడు ఆయప్పా లేడు, ఆయప్ప పటమూ లేదు. ఆ కంబాలే మిగిలినాయి. వచ్చే గాలికి అవీ పోతాయి. నన్నూ వాటినీ కలిపి ఒక్కటి తీయి సారూ."

మేష్టారు ఆలోచించారు. నా కడుపులో పట్టేది పన్నెండు బొమ్మలు. "సాయంత్రందాకా గొర్రెల్ని ఇటు రానీకు. చివరి బొమ్మ నీదే" అన్నారు.

ఆమె మాట నిలబెట్టుకుంది. తుమ్మచెట్టు నీడ గొర్రెకు చాలదు, మందకేం చాలుతుంది? అక్కడే వాటిని తిట్టుకుంటూ, కాళ్ళకడ్డం పడుతూ ఆపింది. మేష్టారు ఇసుకను ముందునుంచి తీశారు, వెనకనుంచి తీశారు, పడుకుని తీశారు. ఇసుక ఏ వైపునుంచైనా ఇసుకలాగే ఉంది.

పొద్దు వాలేసరికి ఒక్కటే మిగిలింది. అప్పుడొచ్చింది వెలుగు. ఏటవాలుగా పడి, ఇసుకలోని ప్రతి గీతకూ ఒక పక్క బంగారం పూసి, ఒక పక్క కాటుక పెట్టింది. మేష్టారు జీవితమంతా ఎదురుచూసిన వెలుగది. అటుపక్కేమో కరిబసమ్మ ముఖం తుడుచుకుని, ముడి వేసుకుని, కొంగు సర్దుకుని కంబాల పక్కన నిలబడి ఉంది. నా కాపురం ఆయన పొట్టమీదే కదా, గుండె దడ నాకు బాగా వినిపించింది.

ఆయన ఒళ్ళు ఆమెకేసి తిప్పి, తల వంచి, నన్ను మాత్రం మెల్లగా పక్కకు, తిన్నెవైపు తిప్పారు. "కదలకమ్మా" అన్నారు.

కరిబసమ్మ నా కళ్ళను చూసింది. "సారూ, నువ్వు నా తట్టు తిరిగి నిలబడినావు, నీ పెట్టె అటు చూస్తాంది" అంది. ఆయన తల ఇంకాస్త వంచారు. "దానికి ఆడ బాగుందేమోలే" అని తనే సర్దిచెప్పుకుని, ఆ నున్నటి ఇసుకలో అడుగులు వేసుకుంటూ వచ్చి నా ముందు నిలబడింది. అంత చదువుకున్న సారు తనకు తల వంచాడని చూసి, మర్యాదకు తనూ వంచింది.

పక్కకు పొమ్మనాలంటే, ఇది నీకోసం కాదు అని చెప్పాలి. ఆ మాట మేష్టారి నోట రాలేదు. నొక్కేశారు.

ఆ బొమ్మకు బెంగుళూరు ప్రదర్శనలో మొదటి బహుమతి వచ్చింది. ప్రకృతి ముందు మనిషి వినయం చూడండి అన్నారు పెద్దలు. ఒకాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఎదుటివాడు వంగితే తిరిగి వంగడం మా వైపు మామూలేనని వాళ్ళకెవరు చెబుతారు?

మరుసటేడు ఆషాఢం గాలి వెళ్ళాక మేష్టారు ఆ బొమ్మ పట్టుకుని మళ్ళీ వెళ్ళారు. కరిబసమ్మ దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది.

"ఈమె ఎవురు సారూ?"

"నువ్వే."

"మొగం యాడ?" ఇంకాసేపు వెతికింది. "కంబాలు యాడ?"

మేష్టారు బొమ్మను వెనక్కి తీసుకోబోయారు.

"నీ పెట్టె పొరపాటు పడిందేమోలే. పోనీ సారూ, మజ్జిగ తాగుతావా?"

తిట్టినా బాగుండేది. ఆయన మజ్జిగ చెంబు పక్కన పెట్టి, బావి దగ్గరికి పోదామన్నారు.

బావి దగ్గరికి వెళ్ళాం. కంబాలు లేవు. నున్నటి ఇసుక, అడుగుజాడ లేదు, పైగా అదే వెలుగు. ఆయన కోరుకున్నదంతా అక్కడే ఉంది. అయినా నా మూత తెరవలేదు. "ఎక్కడమ్మా, సరిగ్గా చెప్పు" అని పంచె ఎగ్గట్టారు. తుమ్మచెట్టునూ దూరపు కొండనూ గురి చూసుకుని ఆమె చోటు చూపించింది, ఇంట్లోంచి తట్ట తెచ్చింది.

"నువ్వు నింపు సారూ, నేను మోస్తా."

ఆయన నింపారు, ఆమె మోసింది. తీసిన ఇసుక తీసినట్టే జారి వెనక్కొచ్చేది. డ్రాయింగు మేష్టారి చేతులు, సుద్దముక్క తప్ప ఎత్తి ఎరగవు. పొద్దు గుంకే వేళకు రెండు కంబాల తలలు జానెడు బయటపడ్డాయి. ఆమె వాటి పక్కన కూర్చుని ఒక కంబం మీద చెయ్యి వేసింది.

మేష్టారు నాలోకి తల వంచారు. ఆమె కూడా వంచింది. ఆయన ఆగారు. నా నెత్తిమీది మూతకు చిన్న కంత ఉంది, ఎవరూ వాడరు. అది తెరిచి నన్ను తన కంటిదాకా ఎత్తారు. అంత ఎత్తునుంచి మనిషిని చూడడం నాకదే మొదలు. కరిబసమ్మ తలెత్తింది. జుట్టునుంచి గోళ్ళదాకా ఇసుక పూసుకున్న మేష్టారిని చూసింది.

"ఏం సారూ, నీళ్ళు పడిన దినం మా ఆయనా ఇట్లనే ఉండె" అని నవ్వింది.

కళ్ళు నేరుగా నాలోకే. అప్పుడే నొక్కారు. నా గొంతులో గరుకుమంది, అంతే, నా కింది కంటి రెప్ప మళ్ళీ తెరుచుకోలేదు. ఎందరో విప్పి చూసి పెదవి విరిచారు.

ఇప్పుడు రాయదుర్గం బడి బీరువాలో, గ్లోబుకూ సీసాలో పాముకూ మధ్య కూర్చున్నాను. బహుమతి బొమ్మ హెడ్మాస్టరు గదిలో ఉంది, వచ్చినవాళ్ళంతా మెచ్చుకుంటారు. రెండోది కరిబసమ్మ ఇంట్లో దేవుడి గూటి పక్కన ఉందట. దానికి కుంకుమ పెడుతుందట, తనకు కాదు, కంబాలకు.

బడి ఊడ్చే ఆవిడ దుమ్ము దులపడానికి నన్ను ఎత్తినప్పుడల్లా నాలో గరగరమంటుంది. "దీంట్లో ఇసుక చేరినట్టుందే" అంటుంది. నాకు నోరుంటే చెప్పేదాన్ని. ఇసుక కాదమ్మా, చేను.