బోర్డు ఉన్న గుంట

కాలనీ అధ్యక్షులవారికి బోర్డులంటే ప్రాణం. పార్కులో మొక్కలకంటే ఆయన పాతించిన బోర్డులే ఎక్కువ. పూలు కోయరాదు, గడ్డి తొక్కరాదు, బెంచీ మీద పడుకోరాదు. ఊపిరి పీల్చరాదన్నదొక్కటే తక్కువ. అన్నిటి కిందా ఆయన పేరు ఉండాల్సిందే.

అక్కడ తోటపని చేసే ఆమె ప్రాణం మాత్రం పల్లపు మూలనున్న గుంట మీద ఉంది. కాలనీలో కురిసిన వానంతా వాలున జారి, కాలవలో పడి ఏటికి పోయేది. కింది వీధిలో వాళ్ళ బావి ఎండాకాలం అడుగంటేది. అత్తగారు మోకాళ్ళ నొప్పులతో బిందె పట్టుకుని మూడు వీధులు తిరిగేది. అది చూడలేక ఆమె రెండేళ్ళు తీరిక దొరికినప్పుడల్లా కష్టపడి మోకాటి లోతున వెడల్పాటి గుంట తవ్వింది. నీరు ఉరికొచ్చే చోట రాళ్ళు పేర్చి, తుంగ, వట్టివేరు నాటింది. వాన నీరు అక్కడ ఒక్కరోజు నిలిచి ఇంకిపోయేది. బావి బతికింది.

ఇంతలో పర్యావరణానికి మేలు చేసే పార్కుల పోటీ వచ్చిపడింది. ఎండలకు తుంగ వడిలిపోయి ఉంది. ఈ పిచ్చిగడ్డి పీకి, గుంట పూడ్చి, పరాయి దేశపు పచ్చిక పరుస్తామని అధ్యక్షులవారు ప్రకటించారు. దానికి రోజూ ఓ ట్యాంకరు నీళ్ళు పొయ్యాలట. పర్యావరణమంటే మాటలా మరి! కింది బావికి ఇక్కడి నీరే ఆధారమని ఆమె చెప్పబోతే, నీకేం తెలుసమ్మా అన్నారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. సోమవారం మట్టి లారీ వస్తుందన్నారు.

ఆమెకు ఒకపక్క కడుపుమంట, మరోపక్క బావి బెంగ. ఆదివారం సామాన్ల గదిలోంచి పాత రేకు బోర్డు తీసి తోమి, రంగులేసే మరిదితో రాయించింది. మర్నాడు లారీ వచ్చేసరికి గుంట ఒడ్డున బోర్డు నిలబడి ఉంది. ‘వాన నీటి తోట. ఆలోచన, రూపకల్పన’ అని, కింద అధ్యక్షులవారి పేరు, మూడు రంగుల్లో.

ఆయన రెండుసార్లు చదువుకున్నారు. “ఇదెవరు పెట్టారు?”

“నేనేనండీ. చుక్క నీరు వృథా పోకూడదని మీరే కదా మీటింగులో చెప్పారు. అందరికీ తెలియాలని పెట్టాను.”

కుళాయి కారుతోందని ఎవరో ఫిర్యాదు చేస్తే వాళ్ళ నోరు మూయించడానికి ఆయన అన్న మాట అది. అయినా గడ్డం నిమురుకుని, అవును, అన్నానన్నారు. లారీని వెనక్కి పంపించేశారు. అక్షరాలు ఇంకాస్త పెద్దవి రాయించాల్సిందన్నారు.

వానలు పడి తుంగ చిగురించాక పోటీవాళ్ళు వచ్చారు, బహుమతి ఇచ్చారు. ఆయన గంటసేపు మాట్లాడారు. అది చాలక ఆమెను పిలిచి, నీరు పల్లానికే పోతుందమ్మా, అది గమనించాలి అని పాఠం చెప్పారు. పార పట్టుకుని ఆమె బుద్ధిగా తలూపింది. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు.

ఆ సాయంత్రం బావి దగ్గర అత్తగారు భగ్గుమంది. నడుం విరిగేలా తవ్వింది నువ్వు, పేరు ఆయనదా అని చేద నేలకేసి కొట్టింది. కోడలికీ ఆ మాట గుండెల్లో గుచ్చుకుంది. ఏడుపొచ్చినంత పనైంది. బావిలోకి తొంగి చూసింది. నీళ్ళు చెయ్యి చాస్తే అందేలా ఉన్నాయి.

“పేరు ఆయన్ని తాగమనండి అత్తయ్యా. నీళ్ళు మనం తాగుదాం.”

అత్తగారు చేద తీసి బావిలోకి వదిలింది.