నెత్తురు చెప్పిన సాక్ష్యం

బురద వాసన. మాగిన రెల్లు వాసన. వాటి మధ్య... పచ్చి నెత్తురు వాసన.

గున్నిల్డ ముక్కు మూసుకోలేదు. కన్నకొడుకు వాసనకి ఏ తల్లి ముక్కు మూసుకుంటుంది?

పెద్దవాడు బల్ల మీద పడుకుని ఉన్నాడు. ఆస్గార్. పొద్దున్నే బార్లీ జావ తాగి, ఇంకాస్త పొయ్యమని గిన్నె చాచిన మనిషి. ఇప్పుడు వాడి డొక్కలో మూడు కన్నాలు. పాముల్లాంటి మలుగు చేపల్ని పొడిచే మూడు మొనల ఈటె దిగిన కన్నాలు.

ఆ చిత్తడి నేలలో అలాంటి ఈటె లేని ఇల్లు లేదు. ఎవరి ఈటె అని అడిగితే ఊరు ఊరంతా తల దించుకోవాల్సిందే.

కానీ గున్నిల్డకి తెలుసు.

చూసింది — రెల్లు కోస్తూ, రెల్లు సందులోంచి. అన్నదమ్ములిద్దరూ పడవ దగ్గర ఉన్నారు. చేపల బుట్ట నీళ్ళలో వెయ్యాల్సిన వంతు ఎవరిది అని గొడవ. రోజూ ఉండే గొడవే.

"నాన్న పడవ ఎక్కాలంటే నాన్నకి పుట్టి ఉండాలిరా," అన్నాడు ఆస్గార్ నవ్వుతూ.

ఎకసెక్కానికే అన్నాడు. వాడి నోరే అంత. ఆ మాట రెల్లు దాటుకుని వచ్చి తల్లికీ తగిలింది. అయినా ఆమె కొడవలి ఆగలేదు, ఇంటికొచ్చాక నాలుగు చీవాట్లు పెడదాంలే అనుకుంది.

చిన్నవాడు నవ్వలేదు. ఓర్మ్ చేతిలో ఈటె ఉంది.

ఒక్క పోటు.

గుచ్చి, తిప్పి, లాగాడు... మలుగుని లాగినట్టే లాగాడు. ఆస్గార్ నీళ్ళలో కూర్చున్నాడు. నోరు తెరిచాడు. మాట బదులు నెత్తురు వచ్చింది.

ఆమె కొడవలి పారేసి రెల్లు తోసుకుంటూ పరిగెత్తింది. చేరేసరికి చిన్నవాడు లేడు. పెద్దవాడిలో ప్రాణమూ లేదు.

ఆ ఊళ్ళో హత్య జరిగితే సాక్షుల్ని పిలవరు. శవాన్నే అడుగుతారు. ప్రతి మగవాడూ వచ్చి శవం మీద చెయ్యి పెట్టాలి. చంపినవాడి చెయ్యి తగిలితే ఆరిన గాయం మళ్ళీ నెత్తురు కక్కుతుంది. తాతల నాటి నుంచీ అంతే. చచ్చినవాడు అబద్ధమాడడని వాళ్ళ నమ్మకం.

శవాన్ని కడగడం మాత్రం ఆడవాళ్ళ పని.

గున్నిల్డ తలుపు గడియ వేసుకుంది. గొర్రె ఉన్ని తీసింది. తేనెమైనం కరిగించింది. ఉన్నిని అందులో ముంచి ముద్దలు చేసి, ఒక్కో ముద్దా ఒక్కో కన్నంలోకి — వేలితో, లోపలికి, ఇంకా లోపలికి.

ఇదే డొక్క. చిన్నప్పుడు ఇక్కడ వేలు పెడితే కితకితలకి ఇల్లంతా దొర్లేవాడు.

"తిట్టుకోకురా పెద్దోడా," అంది. "నువ్వెలాగూ పోయావు. ఉన్న ఒక్కణ్ణీ ఉరికెక్కించి నేనేం చూసి బతకను? ఒక్క పూట... ఒక్క పూట నోరు మూసుకో నాయనా."

మైనం గట్టిపడింది.

మిట్టమధ్యాహ్నం. చర్చి ముందు రెండు ముక్కాలి పీటల మీద పాడె. ఎండ చిటపటలాడుతోంది. ఊరి పెద్ద సివార్డ్ ఒక పక్క, సిలువ పట్టుకుని పాదిరి ఒక పక్క.

మగవాళ్ళు వరసగా వస్తున్నారు.

"మొన్న నీ పంది సంగతిలో ఆస్గార్ నిన్ను దులిపేశాడుగా. నువ్వే ముందు పెట్టు బావా."

"నా చెయ్యి కడిగిన ముత్యం. నీదే వాసన చూసుకో!"

ఎవరో కిసుక్కున నవ్వారు. పాదిరి ఉరిమి చూశాడు.

ఓర్మ్ వంతు వచ్చింది.

గున్నిల్డ పెద్దవాడి డొక్క వైపే చూస్తోంది. ఒక్క బొట్టు, ఒక్క బొట్టు జారితే చాలు, ఈ జనం వాణ్ణి చీల్చేస్తారు. ఓర్మ్ చెయ్యి చాచాడు. వేళ్ళు అన్న గుండె మీద ఆనాయి.

ఏమీ లేదు.

"అన్నా..." అని కూలబడి భోరున ఏడ్చాడు. దొంగ ఏడుపు కాదది. ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. "పాపం, పిల్లాడు ఎలా కుమిలిపోతున్నాడో!"

బతికాడు. నా బిడ్డ బతికాడు.

ఇక మిగిలింది ఒక్కడే. మాడొక్. పడమటి కొండల నుంచి కూలికొచ్చినవాడు, ఊరికి కాలవ తవ్వుతున్నవాడు. వాడి భాష ఎవరికీ తెలీదు. వీళ్ళ భాష వాడి నోట్లో సరిగ్గా తిరగదు.

"ఏంరా కొండోడా, ఊరి కూడు తింటావుగానీ ఊరి మాట వినవా? పెట్టు!" అన్నాడు సివార్డ్.

"నాకు రొట్టె పెట్టాడు ఆయన," అన్నాడు మాడొక్. "నేను ఎందుకు..."

మోకాళ్ళ మీద కూర్చున్నాడు. శవం డొక్క మీద రెండు చేతులూ ఆనించి, తల కూడా ఆనించాడు. పీట కాలు ఒకటి మెత్తటి నేలలోకి దిగబడింది. పాడె ఒరిగింది. ఎండకి మెత్తబడ్డ మైనం వదులైంది.

నెత్తురు.

నల్లగా, చిక్కగా, మాడొక్ మణికట్ల మీదుగా, మోచేతుల దాకా... కారుతూనే ఉంది.

ఊరంతా ఒక్క గొంతుతో అరిచింది.

తెడ్లు లేచాయి. మొదటి దెబ్బకి పళ్ళు రాలాయి. రెండో దెబ్బకి భుజం విరిగింది. ఆ చప్పుడు గున్నిల్డకి స్పష్టంగా వినిపించింది. తన్నారు. తొక్కారు. పంది విషయంలో నవ్వినవాడే అందరికన్నా ముందున్నాడు.

ఊరుకుంటే చాలు. నోరు మూసుకుంటే చాలు. చిన్నవాడు దక్కుతాడు...

మాడొక్ వాడి భాషలో ఏదో అరిచాడు. అమ్మని పిలుస్తున్నాడని ఆమెకి తెలిసిపోయింది.

"ఆపండ్రా!"

జనాన్ని తోసుకుని పాడె మీద పడింది. కన్నాల్లో వేళ్ళు పెట్టి ఉన్ని బయటికి లాగింది — ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి. ఎర్రటి ముద్దల్ని ఎత్తి చూపించింది.

"ఇవి నేనే దోపాను! ఈ చేతుల్తోనే! రారా ఓర్మ్. ఇప్పుడు పెట్టు చెయ్యి!"

ఓర్మ్ మొహంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. తల్లి వైపు చూశాడు. ఆమె చూసిందని వాడికి అప్పుడే అర్థమైంది. అడుగులో అడుగేసుకుంటూ వచ్చాడు. అన్న డొక్క మీద అరచెయ్యి పెట్టాడు.

ఊరంతా ముందుకు వంగి చూసింది.

నెత్తురు రాలేదు.

ఉన్నదంతా అప్పటికే కారిపోయింది. పాడె కింద మడుగు కట్టి ఉంది.

"చూశావుగా పిన్నీ," అన్నాడు సివార్డ్ మెత్తగా. "చిన్నోడిలో ఏ మచ్చా లేదు."

"నేను చూశానయ్యా! ఈ కళ్ళతో చూశాను! వాడే పొడిచాడు!"

"కొడుకు పోయిన బాధలో మతి చెదిరింది," అంది ఒకావిడ.

"గాయానికి ఉన్ని పెట్టడం తప్పేం కాదు. తల్లి మనసు కదా," అన్నాడు పాదిరి. ఆమె తల మీద చెయ్యి వేశాడు. "అయినా శవం కన్నా నీకు ఎక్కువ తెలుసా తల్లీ?"

మాడొక్‌ని కాళ్ళు పట్టుకుని ఈడ్చుకుపోయారు. వాడు తవ్విన కాలవలోకే తోశారు. తేలిన తలని తెడ్లతో అదిమారు. మళ్ళీ తేలింది. మళ్ళీ అదిమారు. గున్నిల్డ గింజుకుంది. ఆడవాళ్ళు ఆమెని గట్టిగా, ప్రేమగా పట్టుకున్నారు. "ఊరుకో అక్కా, నీ బిడ్డ పగ తీరుతోంది, ఊరుకో."

బుడగలు వచ్చాయి. తగ్గాయి. ఆగాయి.

జనం చెదిరారు. తెడ్లు కడుక్కున్నారు.

ఓర్మ్ వచ్చాడు. తల్లి చెయ్యి పట్టుకున్నాడు. అటు పెద్దవాడి నెత్తురు ఇంకా ఆరని చెయ్యి. ఇటు చిన్నవాడి చెయ్యి, వెచ్చగా, బతికి ఉన్న చెయ్యి.

"పదమ్మా, ఇంటికి పోదాం," అన్నాడు. "పొద్దున్నించీ నువ్వేమీ తినలేదు."

ఎంత మంచి కొడుకో అన్నట్టు ఊరు చూసింది.

వాడి వేళ్ళు ఆమె వేళ్ళ చుట్టూ బిగుసుకున్నాయి. ఆమె విడిపించుకోలేదు. విడిపించుకుంటే పట్టుకోవడానికి ఇంకో చెయ్యి లేదు.