మేడ మీది చిల్లుల డ్రమ్ము

నేను ఒక స్టీలు డ్రమ్మును. ఒకప్పుడు వాషింగ్ మెషీన్ కడుపులో గిరగిరా తిరిగి నలుగురి మురికి వదిలించినదాన్ని. ఇప్పుడు తణుకులో ఒక అద్దె ఇంటి మేడ మీద, ఇటుకల మీద కదలకుండా కూర్చుని వంకాయ తొడిమలూ అరటి తొక్కలూ మింగుతున్నాను. ఒంటినిండా చిల్లులే. చూసి జాలిపడకండి. తుప్పు తిన్న చిల్లులు కావివి, ఫ్యాక్టరీలో పనిగట్టుకుని పొడిచినవి.

నా పుట్టుక గురించి గొప్పలు చెప్పుకోవడానికేం లేదు. పలకలా ఉన్న రేకుని పొడిచారు, చుట్టారు, అతికించారు, ఓ తెల్లటి పెట్టెలో దించారు. ఆ పెట్టెతో సహా ఒక పళ్ల డాక్టరుగారి ఇంటికి చేరాను. మనుషుల గురించి నాకు తెలిసినదంతా వాళ్ల జేబుల్లోంచి తెలిసిందే. ఊరందరికీ తీపి మానమని చెప్పే ఆ డాక్టరుగారి జేబులో రోజూ చాక్లెట్ కాగితాలు దొరికేవి. ఆయన భార్య వాటిని తీసి, ఏమీ ఎరగనట్టు చెత్తబుట్టలో వేసేది. ఒకరి రహస్యాన్ని ఇంకొకరు అంత మర్యాదగా కాపాడుకోవడం నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.

అక్కడ ఉన్నన్నాళ్లూ నాకు కొంచెం పొగరుండేదని ఒప్పుకుంటాను. సబ్బు నురగ తప్ప ఇంకో వాసన ఎరగను మరి. ఒకరోజు మోటారు కాలిపోయింది. బాగుచెయ్యడం కంటే కొత్తది కొనుక్కోవడం మేలని మెకానిక్ చెప్పాడు. మమ్మల్ని పాత సామాన్ల కొట్టుకి వేసేశారు. అక్కడ మోటారులోని రాగి తీగకి గిరాకీ ఉంది, పెట్టెకీ ఉంది. నన్ను మాత్రం గోడవారగా వానలో పడేశారు. చిల్లులున్న డ్రమ్ములో నీళ్లు నిలవవు, బియ్యం పోసుకోలేరు. ఎవరికి కావాలి చెప్పండి?

హైమవతికి కావలసి వచ్చింది. కొట్టుకి ఆమె వచ్చింది పాత రంగు డబ్బా కోసం. నన్ను చూసి ఆగి, వంగి, ఒక చిల్లులోకి చిటికెనవేలు పెట్టి చూసింది. తూకం వేసి కొట్టువాడు ధర చెప్పగానే ఆమె గయ్యిమంది.

"ఇందులో సగం చిల్లులే కదయ్యా! చిల్లులకి కూడా డబ్బులా?"

"చిల్లులు తీసేసే తూగిందమ్మా. కావాలంటే మళ్లీ వేస్తాను" అన్నాడు వాడు.

ఇద్దరూ పంతానికి పోయి, చివరికి ఆమె చెప్పిన ధరకీ అతను చెప్పిన ధరకీ మధ్యన నేను అమ్ముడుపోయాను. రిక్షా పెట్టడం దండగని నన్ను చంకన ఇరికించుకుని ఇంటిదాకా నడిచింది.

హైమవతి భర్త సుదర్శనం పెద్ద బజారులో ఒక బట్టల షాపులో చీరలు చూపిస్తాడు. బేరాలు లేవని యజమాని అతని జీతం సగానికి కోశాడు. ఆ రోజు నుంచి హైమవతి ఇల్లు నడిపే పద్ధతే మారిపోయింది. వంటింట్లో వరసగా డబ్బాలు పెట్టింది. అద్దెది ఒకటి, బియ్యానిది ఒకటి, పాలది ఒకటి, కూరలది ఒకటి. జీతం రాగానే పంచి వేసేస్తుంది. ఒక డబ్బాలోంచి ఇంకో డబ్బాకి అప్పు లేదు. వాళ్లది పై వాటా. వంటింటి కిటికీ నేనున్న డాబా మీదికే తెరుచుకుంటుంది గనక ఈ పంపకాలన్నీ నేను దగ్గరుండి చూసినట్టే.

అన్నిటికంటే ముందు ఖాళీ అయ్యేది కూరల డబ్బా. అందుకే డాబా మీద పాత బియ్యం సంచుల్లో, పగిలిన బకెట్లలో బెండా వంగా తోటకూరా వేసింది. ఎరువుకి కూడా డబ్బు పెట్టడమెందుకని నన్ను తెచ్చింది. ఆ మొదటిరోజు ఆమె నాలో బీరకాయ చెక్కు వేసినప్పుడు నాకు ఎంత రోత పుట్టిందో చెప్పలేను. దానిమీద టీ పిప్పి. దానిమీద మిగిలిపోయిన పులుసు. ఎంత తిరగాలనిపించినా తిరగలేను, నన్ను తిప్పే మోటారు లేదు.

కానీ కొద్దిరోజులకి ఒక వింత గమనించాను. నా అడుగున వేడి పుడుతోంది! కరెంటు లేదు, మంట లేదు, ఎవరూ ముట్టుకోవడం లేదు. మరి ఈ వేడి ఎక్కడిది? పులుసూ తొక్కలూ కలిసి ఏం మంతనాలాడుకుంటున్నాయి? డాక్టరుగారింట్లో అన్నేళ్లు తిరిగినా నాలో ఏం జరుగుతోందో తెలుసుకోవాలని ఒక్కసారీ అనిపించలేదు. ఇక్కడ కదలకుండా కూర్చున్నాక మాత్రం రోజంతా అదే ధ్యాస.

ఆ ధ్యాసలో ఉండగానే కంపు మొదలైంది. మామూలు కంపు కాదు. లోపలిదంతా నల్లగా, జిగటగా ముద్ద కట్టేసింది. ఈగలు ముసిరాయి. చిల్లుల్లోంచి కారిన రసం డాబా మీద మరకలు కట్టింది. ఆ డాబా కింద సరిగ్గా ఇంటి యజమానురాలు మాణిక్యాంబగారి పూజగది. ఆవిడ అగరొత్తులు ఎన్ని వెలిగించినా లాభం లేకపోయింది. ఒకరోజు మెట్లకింద నిలబడి పైకి కేకేసింది.

"ఏవమ్మా హైమా! దేవుడి ముందు కూర్చుంటే మురిక్కాలవ పక్కన కూర్చున్నట్టుంది. చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెడుతోంది. ఒకటో తారీఖున పైకొచ్చి చూస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే ఇల్లు ఖాళీ చేసెయ్యండమ్మా. నేనింక ఏం వినను."

"అలాగేనండి పిన్నిగారూ" అంది హైమవతి.

మీరడగచ్చు, అంత గొడవెందుకు, డ్రమ్ము తీసి పారేస్తే సరిపోదా అని. సుదర్శనమూ అదే అన్నాడు. కానీ అంతకుముందే మొలిచిన తోటకూర వల్ల కూరల డబ్బాలో నెలాఖరుదాకా డబ్బులు నిలవడం మొదలైంది. మొక్కలకి ఎరువు లేకపోతే ఆ కాస్తా ఆగిపోతుంది. ఇల్లు వదిలితే ఇంత తక్కువ అద్దెకి ఊళ్లో గోడైనా దొరకదు. ఆమెకి ఇల్లూ కావాలి, నేనూ కావాలి. ఆ రెండూ ఒకచోట ఎలా ఉంటాయో తెలియక రోజూ నా ముందు గొంతుక్కూర్చుని, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, పుల్లతో కెలుకుతూ ఉండేది.

కంపు ఎందుకొస్తోందో నాకు తెలుసు. ఆ ఇంట్లో పొడిగా ఉన్న ఏ వస్తువూ నాదాకా వచ్చేది కాదు. కొబ్బరి పీచు నీళ్లపొయ్యిలోకి పోయేది. అట్టపెట్టెలు అమ్మకానికి పోయేవి. పాత పేపర్లైతే సరేసరి. పొదుపు బాగా తెలిసిన ఇల్లు గనక, దేనికీ పనికిరాని తడి మాత్రమే నా వాటాకి వచ్చేది. ఆ తడిలో నా చిల్లులన్నీ పూడుకుపోయి నాకు ఊపిరి ఆడేది కాదు. చెబుదామంటే నాకు నోరొకటే ఉంది, అదీ తినడానికే.

అలా ఉండగా సుదర్శనం షాపులో ఎవరో మిరపకాయ బజ్జీలు తెప్పిస్తే తన వంతువి పొట్లం కట్టి ఇంటికి తెచ్చాడు. తినడం అయ్యాక ఆ కాగితాన్ని మడిచి దాచబోయి, నూనె ఓడుతోందని ఆగాడు. జిడ్డు కాగితం పాత పేపర్లు కొనేవాడు తీసుకోడు. హైమవతి దాన్ని చింపి నాలో వేసింది. కొన్నాళ్ల తర్వాత పుల్లతో కెలుకుతూ ఆ కాగితం దగ్గరికి వచ్చి ఆగిపోయింది. దాని చుట్టూ బెత్తెడు మేర జిగట లేదు. పొడిపొడిగా, పొట్టులా ఉంది. కాస్త చేతిలోకి తీసుకుని వాసన చూసింది. కొంగు తీసేసి మళ్లీ చూసింది. ఆమె మొహంలో అప్పుడు కనిపించిన ఆరాటం చూసి నాకు చెప్పలేనంత సంతోషమైంది. నాలో ఏం జరుగుతోందో తెలుసుకోవాలనే మనిషి నాకు దొరికింది!

పరుగున లోపలికి వెళ్లింది. "ఏవండీ, మీ పేపర్లు కావాలండి" అంది.

సుదర్శనం ఉలిక్కిపడ్డాడు. అతని పేపర్ల సంగతి మీకు చెప్పాలి. ఇంట్లో అన్ని ఖర్చులూ కోసుకుంటూ వచ్చినప్పుడు అతను కిళ్లీ మానేశాడు, సినిమా మానేశాడు. దినపత్రిక ఒక్కటి మానలేకపోయాడు. పాతవి అమ్మితే సగం డబ్బు వెనక్కొస్తుంది గదా అని వాదించి నిలబెట్టుకున్నాడు. అలా నిలబెట్టుకున్నవాటిని అమ్మాడా అంటే అదీ లేదు. రేటు పెరుగుతుందని అటక మీద కట్టలు కట్టి పేర్చాడు. ధాన్యం దాచిన షావుకారులా వారం వారం వాటి దుమ్ము దులిపేవాడు.

"వాటి జోలికి రాకు హైమా. జీతం తగ్గాక ఈ ఇంటికి నేను సంపాదించిపెట్టిందంటూ ఉంటే అదొక్కటే. దాన్నీ కుళ్లబెడతానంటావా?" అన్నాడు. గొంతు పెంచలేదు. ఆమె పుల్ల పట్టుకుని మళ్లీ నా దగ్గరికి వచ్చేసింది. అతని మనసు ఎక్కడ గాయపడి ఉందో ఆమెకి తెలుసు.

ఆ ఆదివారం అతను అద్దె ఇళ్లు చూడ్డానికి వెళ్లాడు. మధ్యాహ్నం తిరిగొచ్చి, చెప్పులు విడవకుండానే డాబా మీదికి వచ్చి నా పక్కన కూలబడ్డాడు. మంచినీళ్లు తెచ్చిన భార్యతో, "రెండు గదులకి నా జీతం మొత్తం అడుగుతున్నారు. కాలవ గట్టున రేకుల షెడ్డుకి కూడా ఇక్కడిచ్చేదానికంటే ఎక్కువే" అన్నాడు. కాసేపు నా చిల్లులకేసి చూస్తూ కూర్చున్నాడు. తర్వాత లేచి లోపలికి పోయి, అటక మీంచి ఒక కట్ట దించుకొచ్చి పురికొస విప్పాడు.

చింపడమంటే తేలిక అనుకున్నారేమో. ఒక్కో పేజీ చింపబోయి, ఇది చదివానో లేదోనని ఆగేవాడు. "ఈ వంతెన అప్పుడే అయిపోతుందన్నారు, ఇంకా అవలేదు చూశావా!" అనేవాడు. మొదటి కాగితం చిరిగిన చప్పుడుకి అతని మొహం చిన్నబోయింది. హైమవతి పక్కనే కూర్చుని, అతను చింపినవి అందుకుని నాలో పరుస్తూ వచ్చింది. తొందరపెట్టలేదు. పదో పేజీకో ఏమో అతను చదవడం మానేశాడు. చేతులు వేగం అందుకున్నాయి. ఆ రోజు నేను మొట్టమొదటిసారి గాలి పీల్చుకున్నాను.

రోజూ ఒక పొర తొక్కలు, ఒక పొర కాగితాలు. అటక మీద కట్టలు తరిగిపోతున్నాయి. లోపలి జిగట విడిపోయింది, ఈగలు దారి మళ్లాయి, వేడి మళ్లీ మొదలైంది. అయినా ఒకటో తారీఖు దగ్గరపడేకొద్దీ ఆ దంపతులకి నమ్మకం చాలేది కాదు. రోజూ కంపులో బతికేవాళ్లకి కంపు పోయిందో లేదో ఎలా తెలుస్తుంది? పొద్దునొకసారి, సాయంత్రమొకసారి ఒకరి తర్వాత ఒకరు నా మీదికి వంగి, "మీకేమైనా వస్తోందా?" అంటే "నీకు?" అని అడిగి చూసుకునేవాళ్లు.

ఒకటో తారీఖున మాణిక్యాంబగారు మోకాళ్లు పట్టుకుంటూ మెట్లెక్కి వచ్చింది. తిన్నగా నా దగ్గరికొచ్చి మూత తీసింది. తన చేతికర్రతో అడుగుదాకా పొడిచి, పైకి తిప్పి, దాని కొసని ముక్కు దగ్గర పెట్టుకుంది. సుదర్శనం గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. నేనైతే ఒంట్లో ఉన్న వేడినంతా బిగపట్టుకున్నాను.

"ఏం వేశావే ఇందులో?" అంది ఆవిడ.

హైమవతి వెనక్కి తిరిగి భర్తని చూసింది. "మా ఆయన దాచిన పేపర్లండి. రేటొస్తుందని ఆయన అటక మీద జాగ్రత్త చేశారు. అవే గనక లేకపోతే ఈపాటికి మేం సామాను సర్దుకుంటూ ఉండేవాళ్లం. ఆయన వల్లే నిలబడ్డామండి" అంది.

సుదర్శనం చటుక్కున తల తిప్పుకుని వంగ మొక్కలకేసి చూడ్డం మొదలుపెట్టాడు. నేను వచ్చినప్పటి నుంచీ, సగం జీతంతో అతను ఆ ఇంట్లో పరాయివాడిలా ఒదిగి ఒదిగి తిరగడం నేను చూస్తూనే ఉన్నాను. అతని భుజాలు కొంచెం కొంచెంగా నిటారవడం కూడా అప్పుడే చూశాను.

"ఉండండి, ఉండండి. ఎవరు పొమ్మన్నారు మిమ్మల్ని?" అంది మాణిక్యాంబగారు, పొమ్మన్నది తాను కానట్టే. పోతూ పోతూ నాలుగు బెండకాయలు తెంపుకుని మరీ పోయింది. మనుషుల మీద నాకు ముచ్చటేసేది ఇలాంటప్పుడే.

ఆ సాయంత్రం హైమవతి డబ్బాలు ముందేసుకుని జీతం పంచుతోంది. సుదర్శనం పక్కన కూర్చుని మెల్లగా, "హైమా, ఈ నెల నుంచి పేపరు మానిపించేద్దాం. పాతవి అమ్మేది లేనప్పుడు ఏ లెక్కన వేయించుకుంటాను?" అన్నాడు. మాట మామూలుగానే అన్నాడు గానీ కళ్లు ఎత్తలేదు.

ఆమె కూరల డబ్బా మూత తీసి, పేపరువాడికి ఇవ్వాల్సినంతా అందులోంచి తీసి అతని అరచేతిలో పెట్టి గుప్పెట మూసింది.

"కూరల లెక్కనే వేయించుకోండి. మీరు చదవకుండా మాత్రం నా డ్రమ్ములో వేస్తే ఊరుకోను" అంది.