ఐదో పేరు

బజారుకెళ్లి ఉన్నికి రంగు కొనుక్కొస్తానని మాథాతో ఆ పొద్దున మొగుడికి అబద్ధం చెప్పింది. అబద్ధమైనా కాస్త అతికేట్టు చెప్పాలి కదా. ఇంట్లో ఉన్నవి రెండే గొర్రెలు. వాటి ఉన్ని కత్తిరించి అమ్మేసి నెలైంది. ఇక రంగు దేనికి వేస్తుందో ఆమెకే తెలియదు. మొకేతె మాత్రం అదేమని అడగలేదు. వాకిట్లో ఎండకు గోడకానుకుని, భుజాల నిండా దుప్పటి కప్పుకుని, ఆమె ఇచ్చిన పులిసిన జొన్న అంబలి కొంచెం కొంచెంగా తాగుతూ, సరే, పొద్దుగూకేలోపు వచ్చెయ్ అన్నాడు. అతను చివరి గుక్క మింగేదాకా ఆమె అక్కడే నిలబడింది. ఖాళీ గిన్నె లోపల పెట్టాకనే కదిలింది.

ఎనిమిది రోజుల కిందట ఆస్పత్రికి అతని మాత్రల కోసం వెళ్తే అక్కడి నర్సు నోరు జారింది. మొకేతె ఇరవై రెండేళ్లు సరిహద్దుకు అవతల బంగారు గనుల్లో పనిచేశాడు. కిందటేడు మే నెలలో గని వాళ్లు ఒక ఉత్తరం చేతిలో పెట్టి ఇంటికి పంపించేశారు. ఉత్తరంలో ఏముందని అడిగితే, గని దగ్గే, మందులు వాడితే పోతుందట అన్నాడు. ఆమె నమ్మింది. గని నుంచి వచ్చిన మగవాళ్లలో దగ్గనివాడెవడు? నర్సు మాత్రం మాత్రలు లెక్కపెడుతూ, తలెత్తకుండా, "ఊపిరితిత్తుల్లో రాతిదుమ్ము పేరుకుపోయాక ఇంకేం చేస్తామమ్మా. ఈ చలికాలం గట్టెక్కడమే గగనం" అంది. తర్వాత తలెత్తి, ఎదురుగా ఉన్న మొహం చూసి, నాలుక కరుచుకుంది.

ఆ మాట మాథాతో ఎవరికీ చెప్పలేదు. ఉత్తరం ఇంగ్లీషులో ఉంది. మొకేతె చదివింది ఐదో తరగతి. అతనికి కూడా సగమే అర్థమై ఉంటుందనుకుంది. తెలియని మనిషికి తెలియజెప్పి చంపడం ఎందుకని గుండెల్లోనే దాచుకుంది. ఇంత బరువు లోకంలో తానొక్కతే మోస్తున్నాననుకుంది, పిచ్చిది.

తీరిగ్గా ఏడవనివ్వని దిగులు ఇంకొకటుంది. మొకేతె అన్న ఖబేలె కొండ మీది ఊళ్లో ఉంటాడు, ఆ వంశానికి పెద్ద. గొయ్యి తవ్వించినవాడిదే చేను అని వాళ్లలో ఒక మాట ఉంది. చావు ఖర్చు ఎవరు పెట్టుకుంటే శవం వాళ్ల ఊరికి పోతుంది. శవం వెనకాలే చేనూ పోతుంది, ఇల్లూ పోతుంది. వెనక వీధిలో ఒకావిడకి సరిగ్గా అలాగే అయింది. నిన్నటిదాకా ఇంటి యజమానురాలు, మర్నాటి నుంచి మరిది దయ మీద బతికే మనిషి. మాథాతోకి ఉన్నదల్లా ఆ రెండు గదులూ, వెనకున్న మొక్కజొన్న చేనూ. కూతురు థాతో రాజధాని మసేరులో బట్టల ఫ్యాక్టరీలో కుడుతోంది, దాని జీతం దానికే చాలదు. మొగుణ్ణి తన చేతుల మీదుగా, తన ఊళ్లో, తన చేను గట్టున మట్టి చేసుకోవాలి. అందుకు అతని మీద బీమా కావాలి. ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టే ఉందని ఆమెకూ తెలుసు. బావి తవ్వకుండా చూస్తూ కూర్చోవడం చేతకాలేదు, అంతే.

మొదట అద్దాల తలుపుల పెద్ద కంపెనీకి వెళ్తే ఛాతీ ఎక్స్‌రే తెమ్మన్నారు. చర్చి ఆడవాళ్ల చావు సంఘంలో ఎక్స్‌రే అడగలేదు. ఆదివారం మనిషిని తీసుకొచ్చి, తమ ముందు నాలుగడుగులు నడిపించి, ఒక కీర్తన పాడిస్తే చాలన్నారు. మొకేతె నాలుగడుగులు నడవగలడు. పాట పాడి మాత్రం ఆరు నెలలైంది. ఇక మిగిలింది మాఫెటెంగ్ బజారులో మాంసం కొట్టు పక్కన కిందటేడు తెరిచిన చిన్న ఆఫీసు. డాక్టరు చీటీ అక్కర్లేదని దాని తలుపు మీద ఎర్రటి అక్షరాలతో రాసి ఉంది.

లోపల టై కట్టుకున్న నడివయసు గుమాస్తా ఒక్కడే ఉన్నాడు. కుర్చీ చూపించి, మంచినీళ్లిచ్చి, షరతు ఒకటేనని చెప్పాడు. డబ్బు కట్టడం మొదలుపెట్టిన రోజు నుంచి ఆరు నెలలు ఆగాలి. ఆ లోపల మనిషి పోతే కట్టింది కట్టినట్టు తిరిగిస్తారు. ఆరు నెలల మీద ఒక్కరోజు బతికినా మొత్తం చేతికిస్తారు.

మాథాతో లెక్క వేసుకుంది. ఇది ఏప్రిల్. అంటే అక్టోబరు. అక్కడ జూన్, జూలైల్లో వచ్చే చలికాలం దాటి, పీచ్ చెట్లు పూసి, ఆ పూత రాలేదాకా. అప్పటిదాకా ఉంచు దేవుడా, ఆ తర్వాత నీ ఇష్టం అని మనసులో మొక్కుకుంది. ఆ రెండో ముక్క కూడా తానే అనుకున్నానని ఆ తర్వాత గానీ తెలియలేదు. ఇరవై ఏళ్ల కాపురం చేసిన మొగుడి గురించి దేవుడితో బేరమాడుతోంది.

గుమాస్తా మొకేతె గుర్తింపు కార్డు అంకెలు కంప్యూటర్లో కొట్టాడు. కళ్లద్దాలు సర్దుకుని మళ్లీ కొట్టాడు.

"ఈయన మీద ఇక చోటు లేదమ్మా."

"చోటు లేకపోవడమేంటయ్యా? మా ఆయనేమన్నా బస్సా?"

"మా దగ్గర ఒక ప్రాణం మీద ఐదు పాలసీలే ఇస్తారమ్మా. ఈయన మీద ఐదూ నిండిపోయాయి."

ఇంకెవరో మొకేతె అయ్యుంటాడు, సరిగ్గా చూడమంది. గుమాస్తా పాపం తాను అబద్ధమాడటం లేదని నిరూపించుకోవాలనుకున్నాడు. చూపించకూడని తెరను ఆమె వైపు తిప్పాడు.

మొదటి పేరు ఖబేలె, బావగారు. రెండోది మాసెచాబా, ఆడబిడ్డ. మూడోది పక్కింటి మామొహాపి, వరస కాలమ్‌లో తనను పిన్నినని రాయించుకుంది. కంచె మీద నుంచి కోళ్ల గురించి పదిహేడేళ్లుగా శాపనార్థాలు పెట్టే మనిషి ఎప్పుడు పిన్ని అయిపోయిందో ఆ దేవుడికే ఎరుక. నాలుగోవాడు ఏటా గొర్రెల ఉన్ని కత్తిరించడానికొచ్చే చుట్టం. ప్రతి పేరు పక్కనా ఒకటే నెల: కిందటేడు జూన్.

జూన్. ఆ నెలలో ఆమె ఏం చేస్తోందో బాగా గుర్తుంది. మొగుడు ఇక గనికి పోడన్న సంతోషం పట్టలేక ఇంటి గోడలన్నీ ఎర్రమట్టితో అలికింది. నిచ్చెనెక్కి, తడిమట్టి మీద వేళ్లతో గీతలు దిద్దుతూ పాటలు పాడింది. కింద దారిలో పోయేవాళ్లు ఆగి, బాగుంది అని మెచ్చుకున్నారు. వాళ్లలో మామొహాపి కూడా ఉంది. అప్పటికే అందరికీ తెలుసు. నెల నెలా మాసెచాబా తెచ్చే కోడి పులుసూ, కొండ దిగి వచ్చినప్పుడల్లా తమ్ముడి భుజం తడిమి ఎలా ఉన్నావురా అని ఖబేలె అడగడమూ కళ్ల ముందు తిరిగాయి. వాళ్లు దుర్మార్గులనడానికీ లేదు. చావింటికి అన్న ఎద్దును తోలుకురాకపోతే, అక్క దుప్పట్లు పట్టుకురాకపోతే ఊరు నవ్వుతుంది. పోయేవాణ్ణి ఘనంగా పంపాలనే వాళ్లు కట్టుంటారు. కానీ ఇల్లాలికి ఒక్క ముక్క చెప్పాలని ఒక్కరికీ తోచలేదే.

అప్పుడు ఐదో పేరు చూసింది. మాపులానే.

ఎవరీ మాపులానే? ఆడపేరు. గని ఊళ్లో మొకేతెకి ఇంకో కొంప ఉందా అని ఒక్క క్షణం పాడు ఆలోచన వచ్చింది. పెళ్లినాడే అత్తింటివాళ్లు కోడలికి పుట్టబోయే బిడ్డ పేరుతో కొత్త పేరు పెట్టడం వాళ్ల ఆచారం. ఆలి ఉంది, చూలు లేదు, బిడ్డ పేరు మాత్రం థాతో అన్నమాట. మా అంటే వాళ్ల భాషలో తల్లి. అలా ఇరవై ఏళ్లుగా ఆమె మాథాతో, థాతో తల్లి. అంతకు ముందున్న పేరు పుట్టింట్లో తప్ప ఇంకెక్కడా వినబడదు. ఆ పేరు పులానే. తెర మీది ఐదో పేరు పులానే తల్లిది. ఆమె ఎన్నడూ పేరుతో పిలవని కన్నతల్లిది.

గుమాస్తా తప్పు తెలుసుకుని తెరను గబుక్కున తనవైపు తిప్పేసుకున్నాడు. ఒంట్లో బాగాలేదా అమ్మా అని అడిగాడు. మాథాతో లేచి బయటికి నడిచింది.

పుట్టిల్లు ఊరి అవతలి చివర, టాక్సీలు ఆగే చోటు దాటాక. తల్లి వాకిట్లో చాప మీద కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తోంది. మాథాతో దణ్ణం పెట్టలేదు, చెప్పులు విప్పలేదు. నీకెప్పట్నుంచి తెలుసని అడిగింది. దేని గురించని తల్లి అడగలేదు. అక్కడే తెలిసిపోయింది.

"ఆదివారం ఆదివారం నా ఎదురుగా కూర్చుని టీ తాగావు కదే అమ్మా. నా మొగుడి చావు మీద పాలసీ కట్టి, నా చేతి టీ తాగావు."

"తాగానే పులానే. ఆ టీ నా గొంతు ఎట్లా దిగిందో నాకే తెలుసు."

కూర్చోమంటే కూర్చోలేదు. తల్లి చిక్కుళ్ల పళ్లెం పక్కన పెట్టి చెప్పింది. కిందటేడు జూన్‌లో అల్లుడు ఒక్కడే వచ్చాడట. అత్త గుమ్మం అల్లుడు ఒంటరిగా తొక్కకూడదు, ఎదురుపడితే తల దించుకుని పక్కకు తప్పుకోవాలి. అలాంటిది తిన్నగా లోపలికొచ్చి నేల మీద కూర్చున్నాడట. ఏం అడిగాడో చెప్పమంటే ఆవిడ తల అడ్డంగా ఊపింది. "నోరు కట్టేసిపోయాడు. మాటిచ్చాను. మిగతాది పోయి అతన్నే అడుగు" అంది.

ఇంటికి చేరేసరికి ఎండ గోడ మీది నుంచి జారుతోంది. మొకేతె పొద్దున కూర్చున్న చోటే ఉన్నాడు. కిందటేడు ఆమె దిద్దిన గీతలు అతని తల వెనకాల అక్కడక్కడా పెచ్చులూడాయి.

"రంగు దొరికిందా?" అన్నాడు.

"నీ మీద చోటు లేదట."

అతను తల ఊపాడు. ఆశ్చర్యపోలేదు. ఆశ్చర్యమంతా తన ఒక్కదాని పాలిటే రాసిపెట్టి ఉందేమోననుకుంది మాథాతో. మొకేతె అంతా చెప్పాడు. ఉత్తరం అర్థం కాకపోవడమేమిటి, గని డాక్టరు తమ సొంత భాష సెసోతోలో విడమరిచి చెప్పే పంపించాడట. అన్నకు చెప్పక తప్పలేదు. అన్నకు చెబితే అక్కకు తెలిసింది, అక్కకు తెలిస్తే ఊరికి తెలిసింది. నలుగురూ కాగితాలు పట్టుకుని వాళ్లంతట వాళ్లే వచ్చారు, వచ్చినవాళ్లకు సంతకం పెట్టాడు. ఐదోదానికి మాత్రం తానే వెళ్లి అడిగాడు. కట్టేది మాపులానే అయినా, డబ్బు అందుకునే చోట పులానే పేరే రాయించాడు. శవాన్ని కొండ మీదికి పంపనక్కర్లేదు. చేను గట్టున చోటు కూడా చూసి పెట్టాడు, పీచ్ చెట్టుకు ఇవతల.

ఇన్ని రోజులూ ఆమె దేనికోసం తిరిగిందో అది పది నెలల కిందటి నుంచీ ఆమె పేరున ఉంది. సంతోషించాల్సిన మాటే. సంతోషం రాలేదు.

"నన్నెందుకు అడగలేదు, థాతో నాన్నా? అందరూ సంతకం పెట్టించుకుంటే నేనేం పాపం చేశాను?"

మొకేతె కాసేపు దగ్గాడు. దగ్గు ఆగేదాకా ఆగి చెప్పాడు.

"ఆ జూన్‌లో నువ్వు గోడ అలుకుతూ నన్ను తిట్టావు, గుర్తుందా? పై ఏడు నిచ్చెన నువ్వే ఎక్కాలి, నా నడుం పోతోంది అన్నావు. పై ఏడు అన్నావు చూడు. అప్పటికే ఊళ్లో ఎవ్వరూ నాతో పై ఏడు అనడం మానేశారు. మా అన్న కూడా మానేశాడు. ఇంట్లో ఒక్క మనిషైనా తెలీకుండా ఉంటే బాగుండుననిపించింది. అందుకే ఐదో చోటు కూడా నింపేశా. నువ్వు కూడా కాగితం పట్టుకుని వస్తే నేను తట్టుకోలేను."

"నాకు తెలిసి ఎనిమిది రోజులే" అంది. తప్పు ఒప్పుకున్నట్టు వచ్చింది ఆ మాట.

"తెలుసు. ఎనిమిది రోజుల్నించీ నన్ను తిట్టట్లేదు. అంబలి ఇచ్చి పక్కనే నిలబడుతున్నావు. గుక్కకీ గుక్కకీ మధ్య నా ఊపిరి లెక్కపెడుతున్నావు."

మాథాతో కాదనబోయింది. ఆ పూటకి ఒక అబద్ధం చాలనిపించింది. గోడ పక్కన కూలబడింది.

"ఎంతదాకా లెక్కేశావు?" అని అడిగాడు.

"పీచ్ పూత రాలేదాకా."

అక్కడ దేవుణ్ణి ఏమని మొక్కుకుందో అది చెప్పలేదు. చెప్పే ధైర్యం ఏ భార్యకీ ఉండదు. మొకేతె మొహంలోకి నవ్వు వచ్చింది, నెలల తర్వాత. పెళ్లి తర్వాత ఎన్నడూ పిలవని పేరుతో పిలిచాడు.

"డాక్టరు అంత ఇవ్వలేదు నాకు. నువ్వే ఎక్కువిచ్చావు, పులానే."

ఆఫీసులో ఆరు నెలల షరతు విని తాను పెట్టిన ఆ గడువును అతను కానుక అందుకున్నట్టు అందుకున్నాడు, దాన్ని ఇప్పుడు వెనక్కి తీసుకునే దారి ఆమెకు కనబడలేదు.