మగ్దలేనమ్మ చేతి చింతచిగురు

లింగవ్వకు కడుపు మండుడంటే మామూలు మండుడు కాదుల్లా! మొగడు ఇంకోదాని మీద కన్నేసిండంటే జుట్టువట్టి కొట్లాడేది, తీరిపోయేది. అంతయ్య గసొంటోడు కాదు. ఆయన మనసు పడ్డది కూర మీద. అది గూడ మగ్దలేనమ్మ వండిన కూర మీద.

మగ్దలేనమ్మ పెనిమిటి తోమాసు, అంతయ్య మందమర్రి బొగ్గుబాయిల జోడీగాళ్లు. ఒకలు తవ్వుతె ఒకలు నింపుతరు. ఇద్దరిదీ సుల్తానాబాద్ దిక్కు ఒక్కటే ఊరు. అంతయ్యోళ్లు కాపోళ్లు, తోమాసోళ్లు ఊరవతలి వాడల కిరస్తానోళ్లు. తోమాసు తండ్రి అంతయ్యోళ్ల వాకిట్ల అడుగుపెట్టేటోడు కాదు, దూరంగ నిలవడి "పటేలా" అని పిలిచేటోడు. బాయిల దిగినంక ఎవలు పటేలు? ఇద్దరు ఒక్క గిన్నెల చెయ్యి పెడుతుండ్రు.

"ఏం చింతచిగురే అది! రొయ్యపొట్టేసి చేసింది. నోట్లకెళ్లి రుచి ఇంక పోలే," అన్నడు ఒకనాడు అంతయ్య.

లింగవ్వ కంచం ముందటికి నూకింది. "కులం గంగల కలిపి నోటికి రుచులా?" అన్నది. కులమా, మన్నా! ఏడుపంత రుచి మీద. తను వండింది ఏనాడన్న మెచ్చుకున్నడా? పెండ్లయినకాడి నుంచి గమ్మున తిని, చెయ్యి కడుక్కొని లేస్తడు.

ఆగబట్టలేక, ఊరికి పోయేటోళ్లతోని అత్త కొమురవ్వకు కబురంపింది: "నీ కొడుకు చెడిపోతుండు, వచ్చి బుద్ధి చెప్పు." నైజాం పోయినా, రాజ్యం మారినా కొమురవ్వ మారలే. తోమాసు తండ్రి నీడ పడ్డదని బిందెడు నీళ్లు పారవోసిన మనిషి.

అత్త బస్సు దిగి వచ్చేసరికి లింగవ్వ నల్లా కాడున్నది. బిందెతోని ఇంట్లకొచ్చి చూస్తే ఏమున్నది? అంతయ్య పొద్దుగాల డ్యూటీ దిగుకుంట తెచ్చుకొని మూతపెట్టిన మగ్దలేనమ్మ కూర, కొమురవ్వ అన్నంల కలుపుకొని తింటుంది! అంతయ్య దర్వాజ కాడ గుడ్లప్పగించి నిలవడ్డడు.

"ఎవలు వండిండ్రే గిది?" వేళ్లు నాకుకుంట అడిగింది ముసల్ది.

నిజం నాలుక మీదికొచ్చింది. చెప్తె? తిన్నది కక్కుతది, కులపోళ్లను కూడేస్తది, కొడుకును మళ్ల గడప తొక్కనియ్యది. లింగవ్వ బిందె దించింది.

"నేనే, అత్తా."

"నీ చెయ్యి సల్లగుండ! గిట్ల వండేదానివి, ఇన్నేండ్లు నా కొడుక్కు గా సప్పిడి కూడెందుకు పెట్టినవే? చెడిపోక ఏం జేస్తడు? రేపు నా ముందట మళ్ల గిదే వండు."

అంతయ్య మీసంల నవ్విండు. ఆ నవ్వుకు లింగవ్వ ఒళ్లంత భగ్గుమన్నది. ఇంకోదాని మెప్పు తన నెత్తిన పడ్డది, కాదనేటందుకు లేదు.

అత్త కునుకు తియ్యంగనే నాలుగిండ్ల అవతలికి పోయింది. ఏనాడూ తొక్కని గడప. మగ్దలేనమ్మ పొయ్యి కాడ కూసోనున్నది. ఏమని పిలవాలెనో తెల్వక కొంగు వేలికి చుట్టుకున్నది.

"అక్కా," అన్నది ఏడుపు గొంతుతోని, "జర గా చింతచిగురు ఎట్ల చేస్తవో నేర్పు."

మగ్దలేనమ్మ బిత్తరపోయి చూసి, పీట వేసింది. లింగవ్వ కూసున్నది.

"నేర్పినంక మా ఆయనకు ఒక్క ముద్ద పెట్టినవో, మంచిగుండదు, చెప్తున్న!"