హిమజ డీజే సౌండ్స్

మిక్సర్ తుడవడానికి మా ఇంట్లో ఒక పాత బనీను ఉంది. ఆ బనీనూ, సన్నటి బ్రష్షూ నావి. పాటలు కలిపే ఆ డీజే మిక్సర్ మా ఆయన జగదీశ్వర్‌ది. బరాత్‌లో జనం చల్లిన రంగూ, కాగితం ముక్కలూ, ఒక్కోసారి కూల్‌డ్రింక్ జిగురూ బటన్ల సందుల్లో పేరుకుంటాయి. తెల్లారి ఇంటికొచ్చి దాన్ని నా ముందు పెట్టి, "తుడువు. ఏం తిప్పకు," అని పడుకుంటాడు. నాబ్ తిప్పకుండా నాబ్ తుడవడం ఎలాగో ఆ మహానుభావుడే చెప్పాలి.

ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల మా బాక్సులు మోగని పెళ్లి తక్కువ. ప్రతి బాక్సు మీదా ఎర్రరంగుతో 'హిమజ డీజే సౌండ్స్' అని ఉంటుంది. హిమజ నేనే. ఎవరైనా అడిగితే, "మా ఇంటామె పేరు. కలిసొస్తదని పెట్టిన," అంటాడు. పేరు కలిసొచ్చింది. మనిషినే కలుపుకోలేదు. ఒకసారి నోరు తెరిచి నాకూ నేర్పమంటే మా అత్తమ్మ మాణిక్యమ్మ అందుకుంది: "నీ మిక్సీ వంటింట్ల ఉన్నది, గది తిప్పు. ఆడది డీజే కొడితే ఊరు నవ్వదా?" ఊరి సంగతేమో, ముందు ఆయన నవ్వాడు. ఆ నవ్వుకి నాకు ఒళ్లు మండిపోయింది.

అడగడం మానేశాను. ఆయన గుర్రు పెట్టే మధ్యాహ్నాల్లో బాక్సులు కలపకుండా, లాప్‌టాప్ తగిలించి, హెడ్‌ఫోన్ పెట్టుకుని తుడుస్తూ తిప్పాను, తిప్పుతూ నేర్చుకున్నాను. అందులో క్యూ అని ఒక బటన్ ఉంది. అది నొక్కితే రాబోయే పాట నా చెవిలో మాత్రమే మోగుతుంది, బయట ఒక్కరికీ వినపడదు. అబ్బ, ఎంత హాయో! కుక్కర్ కూత ఉండదు. అత్తమ్మ గుమ్మంలో నిలబడి ఏదో అంటుంటే పెదాలు కదలడమే కనిపిస్తుంది. బేస్ నాబ్ కాస్త తగ్గిస్తే ఆమె మాటల బరువు కూడా తగ్గినట్టుండేది. గోడలు మెత్తబడి ఎటో జరిగిపోయేవి, ఎవరివో చేతులు గాల్లోకి లేచేవి. ఫేడర్ అనే జారుడు మీటను ఎడమ నుంచి కుడికి మెల్లగా జరిపితే ఒక పాట ఇంకో పాటలోకి పాలల్లో చక్కెరలా కలిసిపోయేది. పెళ్లయినప్పటి నుంచి నేనూ క్యూలోనే మోగుతున్నానని ఒక మధ్యాహ్నం తట్టింది. మోగడమైతే మోగుతున్నాను, ఎవరికీ వినపడటం లేదు. దుఃఖం ఆగలేదు. ఆ బనీనుతోనే కళ్లు కూడా తుడుచుకున్నాను.

మొన్న మంచాల ఊళ్లో మా ఆడబిడ్డ కూతురు భవిత హల్దీ. ఇంటి ఫంక్షన్ కాబట్టి బాక్సులు మావే, పసుపు కలపడం నా పని. డ్యాన్సులు మంచి ఊపులో ఉండగా జనరేటర్‌లో డీజిల్ తక్కువుందని ఆయన బండి తీశాడు. "నేనొచ్చేదాక మిక్సర్ ఎవ్వర్నీ ముట్టనియ్యకు," అని నాకు కాపలా అప్పజెప్పి పోయాడు.

పాట చివరికొచ్చింది. పసుపు చేతులు ఒక్కొక్కటే ఆగుతున్నాయి. "అత్తా, పాట అయిపోతున్నది!" భవిత మొహం చిన్నబోయింది. పాపం, పిల్లకు ఇదొక్క పూటే. రేపటి నుంచి ఏ ఇంట్లో ఏం తుడుస్తుందో.

కొంగుకు చేతులు తుడుచుకుని హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను. క్యూ నొక్కితే భవితకు ఇష్టమైన డప్పుపాట నా చెవిలో మొదలైంది. నా గుండె దానికంటే జోరుగా కొట్టుకుంటోంది. రెండు దరువులూ కలిసేదాకా ఆగి, ఫేడర్ జరిపాను.

ఇన్నాళ్లూ నా చెవిలో ఉన్నది వాకిలంతా మోగింది. నేను ఊహించుకున్న చేతులే, పసుప్పచ్చగా, నిజంగా గాల్లోకి లేచాయి. భవిత పీట మీంచి దూకింది. ఊరు నవ్వింది, నిజమే. అందరికంటే ఎక్కువ నవ్వుతూ ఎగురుతున్నది మా అత్తమ్మే. నాబ్‌లకు నా వేళ్ల పసుపు అంటింది. తుడవలేదు.

డీజిల్ డబ్బాతో ఆయన జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. "ఏందే గిది? జరుగు, జరుగు!" అని ఫేడర్ మీదికి చెయ్యి చాపాడు. హెడ్‌ఫోన్ ఒక చెవి నుంచి తీసి, ఆ చేతిని పక్కకు నెట్టాను.

"ఎవ్వర్నీ ముట్టనియ్యకన్నవ్ గద," అన్నాను. "నిన్ను గూడ ముట్టనియ్య. పోయి డీజిల్ పొయ్యి, పాట ఆగొద్దు."